ఒక్క బటన్ మీద నడిచిన లారీ

నేను తాడేపల్లిగూడెంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. పాఠాలు చెప్పను. మెషీన్లు చెడిపోతే బాగుచేస్తాను, పరీక్షలప్పుడు అన్నీ సిద్ధం చేసి పెడతాను. భోజనాల వేళ పిల్లలు కొందరు ల్యాబ్‌లోనే కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. ఆ మధ్య ఒకరోజు వాళ్ల మాటలు ఆటల మీదికి వెళ్లాయి. టీవీకి తగిలించుకుని హాయిగా ఆడుకునే కన్సోల్ ఉండగా కంప్యూటర్ మీద ఆడటం దేనికని ఒకడు అడిగాడు. బొమ్మ బాగుంటుందని ఒకరన్నారు, ఆటలు చవగ్గా దొరుకుతాయని ఒకమ్మాయి అంది, చదువు పేరు చెప్పి ఇంట్లో కొనిపించుకోవచ్చని ఇంకొకడు అనేసరికి అందరూ నవ్వారు.

"మీరు చెప్పండి మేడమ్, మీరెటువైపు?" అన్నారు.

"మీరు చెప్పినవన్నీ నిజమేనమ్మా" అని ఊరుకున్నాను. నాకు తెలిసిన కారణం వేరే. అన్నం తింటున్న పిల్లల ముందు చెప్పేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా ఆయన చేపల లారీ డ్రైవరు. మా ఇల్లు ఏలూరులో. ఆయన పని కైకలూరులో. కొల్లేటి చెరువుల్లో పట్టిన చేపని ఐసు కొట్టి ట్రేలలో నింపి లారీకి ఎత్తితే, అక్కణ్నుంచి హౌరా దాకా ఆయనదే బాధ్యత. ఐసు కరిగిపోయే లోపు చేరాలి కాబట్టి దారిలో ఆగడాలు తక్కువ. ఇంటికొచ్చినప్పుడు ఒళ్లంతా చేపవాసన. మా అత్తయ్య నీళ్లు కాచి సిద్ధంగా ఉంచేవారు. స్నానం చేసి, అన్నం తిని, పడుకుని లేచాక వీధి అరుగు మీద కూర్చుని, దూరంగా వెళ్లే లారీల చప్పుడు విని అది ఏ బండో, ఎంత బరువుతో వెళుతోందో చెప్పేవారు. నాకు ఆ మనిషి గురించి గర్వంగా ఉండేది. ఆయనకు చెప్పలేదు గానీ, ఉండేది.

ఒక వేసవిలో అందరం ఊరెళ్లి వచ్చాక, ఆయన ఇంటి తాళం తీయబోయి ఆగిపోయారు. "తాళం బిగుసుకుపోయిందే, కాస్త నూనె వెయ్యాలి" అన్నారు. నేను తిప్పాను. ఎప్పటిలాగే తిరిగింది. తర్వాత టీ గ్లాసు జారింది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టసాగింది. లారీ తాళంచెవిని ఎడమచేత్తో తిప్పుతున్నారని తోటి డ్రైవరు చెబితేనే నాకు తెలిసింది.

ఏలూరులో చూపించాం. మెడ నరం అన్నారు. తైలాలు రాశాం. చివరికి విజయవాడలో ఒక పెద్ద డాక్టరుగారు సూదులు గుచ్చి నరాల పరీక్ష చేసి, మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. కండరాలను కదిలించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయట. చేతులు, కాళ్లు, మాట, మింగడం, చివరికి ఊపిరి. వేగం కాస్త తగ్గించే మాత్ర ఉంది, నయం చేసే మందు లేదు. "తెలివి, చూపు, వినికిడి మాత్రం చివరిదాకా బాగానే ఉంటాయండి" అన్నారు. మంచిమాట చెబుతున్నట్టే అన్నారు పాపం.

తిరిగొచ్చేటప్పుడు బస్సు హనుమాన్ జంక్షన్ దాటింది. అప్పుడు ఆయన, "అంటే అన్నీ తెలుస్తూనే ఉంటాయన్నమాట" అన్నారు.

లారీ యజమాని మంచివాడే. కొంతకాలం యార్డులో బళ్లు చూసుకునే పని ఇచ్చాడు. మెట్లెక్కుతూ పడిపోయాక ఆయనే మానేశారు. అప్పటినుంచి అరుగు మీద కూర్చోవడం కూడా మానేశారు. లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకునేవారు. వీధిలో లారీ వెళితే దుప్పటి తలమీదికి లాక్కునేవారు, అదీ ఎడమచేత్తో, కష్టపడి. ఆదివారం చర్చి నుంచి ఎవరో వచ్చి ప్రార్థన చేసి వెళ్లేవారు. వాళ్లున్నంతసేపూ కళ్లు మూసుకుని ఉండి, వెళ్లాక ఒకసారి, "అమ్మా, వీళ్లని రావద్దని చెప్పమ్మా. నన్ను తీసుకెళ్లి కొల్లేట్లో దింపేయమను" అన్నారు. మా అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయారు. నేను ఆయన మంచం పక్కనే నిలబడ్డాను. జారిన దుప్పటిని ఆయన భుజం మీదికి లాగాను.

మా మరిది కైకలూరులో చేపల మేత అమ్మే షాపులో పని చేస్తాడు. అన్నగారంటే ప్రాణం. ఒకరోజు విజయవాడ నుంచి కన్సోల్ తెచ్చాడు. టీవీకి తగిలించి, కార్ల ఆట పెట్టి, అన్నయ్యని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, కంట్రోలర్ ఒళ్లో పెట్టాడు.

"తోలు అన్నయ్యా. నీకంటే బాగా ఎవరు తోలతారు?"

ఆ కంట్రోలర్ మీరు చూసే ఉంటారు. రెండు చేతులతో పట్టుకోవాలి. రెండు బొటనవేళ్లు పైన, రెండు చూపుడువేళ్లు వెనక. ఒక వేలు కారును తిప్పుతుంది, ఇంకో వేలు పరుగెత్తిస్తుంది. ఆయన కుడిచెయ్యి అప్పటికే ముడుచుకోవడం లేదు. ఎడమచేత్తో పట్టుకుంటే ఆ వస్తువు ఒక పక్కకి వాలిపోయింది. కారు వెళ్లి గోడకు కొట్టుకుని అక్కడే చక్రాలు తిప్పుతోంది. మా మరిది కంట్రోలర్‌ని సరిచేసి పెట్టాడు. మళ్లీ జారింది. సెట్టింగుల్లోకి వెళ్లి వెతికాడు. ఈ బటన్ పని ఆ బటన్‌కి ఇవ్వొచ్చు, అంతే. రెండు చేతుల వస్తువు రెండు చేతుల వస్తువుగానే ఉంది. చేతులు పనిచేయనివాళ్ల కోసం వేరే పరికరాలు వస్తున్నాయని తర్వాతెప్పుడో చదివాను. అప్పుడు మాకు తెలియదు, మా చుట్టుపక్కల ఎక్కడా చూడలేదు.

"బాగుందిరా. నువ్వు ఆడు, నేను చూస్తాను" అన్నారు మా ఆయన. మా మరిది కాసేపు ఆడాడు. తల ఇటు తిప్పకపోయినా ఏడుస్తున్నాడని నాకు తెలుస్తోంది. అతను వెళ్లాక ఆయన నాతో, "అది చేతులున్నవాళ్లకి చేసింది. ఇంట్లో ఉంచకు" అన్నారు.

ఆ వారమంతా కాలేజీకి రైల్లో వెళుతూ వస్తూ అదే ఆలోచన. మా ఇంట్లో ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. నా పనికి వాడుకునేది. కీబోర్డు మీద ఏ కీ అయినా ఏ పనైనా చేసేటట్టు పెట్టుకోవచ్చని నాకు తెలుసు, నా ఉద్యోగమే అది. అయినా ఆటకూ దానికీ ముడిపెట్టాలని అప్పటిదాకా తోచలేదు. లారీలు తోలే ఆట ఒకటి ఉందని ల్యాబ్‌లో పిల్లలు అనుకోగా విన్నాను. పోటీ ఏమీ లేదు, సరుకు ఎక్కించుకుని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చడమే. పాత మెషీన్ కాబట్టి బొమ్మ నాణ్యత అంతా తగ్గించి పెట్టాను. స్టీరింగ్ ఎడమచేతి కింద మౌస్‌కి ఇచ్చాను. ల్యాబ్‌లో పారేయబోయే కీబోర్డు ఒకటి అడిగి తెచ్చుకుని నేలమీద పెట్టాను. కంప్యూటర్‌కి రెండు కీబోర్డులు తగిలించినా పేచీ పెట్టదు. ఆయన కుడికాలు అప్పటికింకా బాగానే ఉంది. కింద స్పేస్ బార్ యాక్సిలరేటర్, దాని పక్క కీ బ్రేకు. అడ్డం వచ్చే మిగతా కీలన్నీ పీకేశాను.

"మళ్లీ ఏంటే ఇది?" అన్నారు విసుగ్గా.

"ఒక్కసారి కాలు పెట్టండి. నచ్చకపోతే తీసేస్తాను."

కాలు పెట్టారు. తెరమీద ఇంజిన్ చప్పుడు పెరిగింది. ఆయన మొహం మారింది. నవ్వలేదు. ఉద్యోగంలో ఉన్న మనిషి మొహంలా అయింది. యార్డులోంచి బండి బయటికి తీసి, రోడ్డెక్కించి, "స్టీరింగ్ మరీ తేలిగ్గా ఉంది. కాస్త బరువు పెట్టగలవా?" అన్నారు. పెట్టాను. "అద్దం కాస్త కిందికి." దించాను. ఆయన ఏది అడిగితే అది మార్చడానికి ఎక్కడో ఒక చోటు ఉంది అందులో. వంటింట్లోంచి అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి, "అబ్బాయి లారీ తోలుతున్నాడా?" అన్నారు. ఆ రోజు ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు.

ఆటలో లారీలన్నీ విదేశాలవి. వాటికి మన బళ్ల రూపం తొడిగి, ఎవరెవరో ఊరికే పంచిపెడుతుంటారు. కంప్యూటర్ మీద ఆడేవాళ్లకి అదొక వెసులుబాటు, ఆటను విప్పి తమకు కావలసినట్టు కుట్టుకుంటారు. నేనూ నేర్చుకుందామనుకున్నాను. ఒక సెలవురోజున కైకలూరు బస్సెక్కాను. దారి పొడవునా చెరువులు, గాలి కొట్టే మరలు నీళ్లు చిమ్ముతున్నాయి, గట్ల మీద గూడబాతులు. ఆయన నడిపిన నీలంరంగు బండి ఐసు ఫ్యాక్టరీ పక్కన ఆగి ఉంది. ఇప్పుడు దాన్ని నడుపుతున్న డ్రైవరు నడివయసు మనిషి. నేనెవరో చెప్పగానే లుంగీ సర్దుకుని కిందికి దిగాడు.

"ఎలా ఉన్నారండీ ఆయన?"

"ఉన్నారండీ. ఈ బండి ఫొటోలు తీసుకుందామని వచ్చాను."

ఎందుకని అడగలేదు. బకెట్టుతో నీళ్లు తెచ్చి ముందుభాగం అంతా కడిగాడు. నేను అన్ని వైపుల నుంచీ తీసుకున్నాను. వచ్చేస్తుంటే, "ఆయన సీట్లో కూర్చున్నానని మనసులో పెట్టుకోకండమ్మా" అన్నాడు.

"అదేం మాటండీ" అన్నాను. కానీ బస్సెక్కాక, నిజంగానే పెట్టుకున్నానని తెలిసింది. ఆ మనిషి చేతుల వంకే చూస్తూ నిలబడ్డాను అక్కడున్నంతసేపూ. బకెట్టు ఎత్తిన చేతులు.

భోజనాల వేళల్లో ల్యాబ్‌లో కూర్చుని ఆ ఫొటోల్ని ఆటలోని లారీకి అంటించాను. చాలాసార్లు వంకరగా వచ్చింది. కుదిరాక ఆయనకు చూపించాను. చాలాసేపు చూశారు. "తలుపు మీద సొట్ట కూడా పెట్టావే. అది ఖరగ్‌పూర్ దగ్గర నేను పెట్టిందే" అన్నారు. అప్పటికే మాట ముద్దగా వస్తోంది. ఖరగ్‌పూర్ అన్నది నాకొక్కదానికే అర్థమయ్యేటట్టు వచ్చింది.

అక్కణ్నుంచి జబ్బుతో పరుగుపందెం. కాలి మడమ లేవడం మానేస్తే స్పేస్ బార్‌ని బొటనవేలి కిందికి జరిపాను. బొటనవేలు ఆగిపోతే యాక్సిలరేటర్ తీసేసి, ఒకసారి నొక్కితే అదే వేగంతో వెళ్లేటట్టు పెట్టాను. ఎడమచెయ్యి మౌస్‌ని తోయలేకపోతే మౌస్ కింద నున్నటి అట్ట వేశాను, తర్వాత చిన్న కదలికే పెద్దదిగా లెక్కవేసేటట్టు చేశాను. నేను ఒకటి సర్దేసరికి ఆయన ఒంట్లో ఇంకొకటి పోయేది. ఏ కీ మార్చినా నాకు తెలుసు, అది ఆయన శరీరంలో ఒక తలుపు మూసుకున్నందుకని. సాయంత్రం రైలు దిగి ఇంటికి నడుస్తూ అదే ఆలోచించేదాన్ని, ఈ రోజు ఏది పోయిందో అని.

చేతులు పూర్తిగా ఆగిపోయాక, తెర పైఅంచుకు తగిలించిన కెమెరా తల కదలికని చూసి స్టీరింగ్ తిప్పే ప్రోగ్రామ్ దొరికింది. ఎవరో పరదేశి రాసి ఉచితంగా పెట్టాడు. అర్థం కానివి అడిగితే ఓపిగ్గా జవాబులిచ్చేవాడు. తనకీ ఇదే జబ్బని, తన కోసమే రాసుకున్నానని ఒకసారి చెప్పాడు. మెడ కూడా నిలవనివాళ్లు ఏం చేయాలని నేను అడిగాను. దానికి జవాబు రాలేదు. మళ్లీ అడిగాను. రాలేదు. తర్వాత అడగలేదు. మా ఆయన నన్ను చూస్తూ ఉన్నారు, ఏమైందని కళ్లతో అడుగుతూ. "సర్వరు పనిచేయట్లేదండీ" అన్నాను. ఆయన కళ్లు దించేసుకున్నారు.

మెడ వాలిపోయాక దవడ దగ్గర చిన్న కదలిక మిగిలింది. ఎడమ చెంప. అక్కడ ఒక బటన్ అమర్చాను, తలకు కట్టే పట్టీకి. తెర కింద బాణం గుర్తులు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. ఎడమ, కుడి, తిన్నగా, ఆగు. కావలసింది వెలిగినప్పుడు చెంపతో నొక్కాలి. మామూలు వేగంలో అది అయ్యే పని కాదు, గుర్తు వెలిగే లోపు బండి పొలాల్లో ఉంటుంది. అందుకని ఆటలో కాలాన్నే నెమ్మదింపజేశాను. కంప్యూటర్‌లో అదీ చేయొచ్చు. లారీ ఎడ్లబండిలా కదిలేది. ఒక మలుపు తిరగడానికి నేను కూర కోసి పొయ్యి మీద పెట్టి వచ్చేంత సేపు. సరుకు ఆలస్యమైందని తెరమీద ఎర్ర అక్షరాలు పడేవి. ఆయన కళ్లు నవ్వేవి. ఆ నవ్వు కోసం నేను ఏమైనా చేసేదాన్ని. ఇంకేమీ చేయలేనని నాకు తెలుసు కాబట్టి అదే చేసేదాన్ని.

ఆ బటన్‌తోనే అక్షరాలు కూడా రాసేవారు. ఊపిరి తగ్గుతోందని, గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టి మెషీన్ తగిలిస్తే కొంతకాలం గడుస్తుందని డాక్టరుగారు చెప్పారు, ఇంట్లో మాట్లాడుకోమన్నారు. ఒక ఉదయం కిటికీ తెరిచి, ఆయన్ని తెర ముందు కూర్చోబెట్టి అడిగాను. ఒక్కో అక్షరం వెలిగేదాకా ఆగి, నొక్కుతూ రాశారు. గొట్టం వద్దు. ఆ తర్వాత ఇంకా రాస్తుంటే నేను ఆపుదామనుకున్నాను, అలసిపోతారని. ఆపలేదు. నువ్వు నిద్రపోవాలి, అని రాశారు.

"నా నిద్ర సంగతి మీకెందుకండీ. పెట్టించుకుందామండీ. నా కోసమేనండీ" అన్నాను. కాళ్ల దగ్గర కూర్చుని అడిగాను. అత్తయ్యని పిలిచి అడిగించాను. ఆయన కళ్లు మూసుకున్నారు. ఆయన దగ్గర మిగిలిన తలుపు అదొక్కటే, దాన్ని వేసేశారు.

ఆ రోజు కాలేజీకని బయల్దేరి ఏలూరు స్టేషన్లో నిలబడ్డాను. నా రైలు వచ్చింది, వెళ్లింది. ఇంకోటి వచ్చింది. జనం దిగారు, ఎక్కారు. నాకు ఎక్కడికి వెళ్లాలో తెలియలేదు. కాలేజీకి వెళ్లి ఏ మెషీన్ బాగుచేయాలి? ఇంటికి వెళ్లి ఏ బటన్ ఎక్కడ పెట్టాలి? బెంచీ మీద పక్కనున్న ముసలమ్మ, "ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?" అని అడిగితే, బాగానే ఉందని చెప్పి లేచి ఇంటికి నడిచాను. వెళ్లేసరికి అత్తయ్య ఆయనకు గంజి పడుతున్నారు, చెంచా చెంచాకీ ఆగుతూ.

వర్షాకాలంలో ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఏలూరులో ఆస్పత్రిలో చేర్చాం. గొట్టం అడగలేదు, ఆయన మాట అందరం నిలబెట్టాం. నిలబెట్టడం ఎలా ఉంటుందో చెప్పలేను. ఒక మధ్యాహ్నం, మా మరిది కాళ్లు రాస్తుండగా, నేను నుదుటి మీద చెయ్యి వేసి ఉండగా పోయారు. కళ్లు చివరిదాకా నన్ను చూశాయి. డాక్టరుగారు చెప్పినట్టే, అన్నీ తెలుస్తూనే ఉన్నాయి.

భూస్థాపన అయింది. చుట్టాలు వచ్చి వెళ్లారు. మా మరిది అడిగాడు, "వదినా, ఆ కంప్యూటర్ ఏం చేద్దాం?" అని. "ఉండనివ్వు" అన్నాను. కాలేజీకి మళ్లీ వెళ్లడం మొదలుపెట్టాను. ఇంటికొస్తే నేనూ అత్తయ్యా. ఇద్దరికి ఎంత వండాలో నాకు తెలియలేదు చాలారోజులు.

ఒక ఆదివారం సాయంత్రం మెషీన్ వేశాను. ఆయన పెట్టుకున్నవి ఏవీ మార్చలేదు. తలకు పట్టీ కట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, చెంపతో నడుపుదామని చూశాను. నాకు రెండు చేతులూ ఉన్నాయి, మెడ ఉంది. అయినా బండి యార్డులోంచి బయటికి రాలేదు. ఎడమ అనుకుంటే కుడి వెలిగేది, ఆగు అనుకునేసరికి దాటిపోయేది. చెంప నొప్పెట్టింది. ఆయన ఇలాగే రోజంతా తోలేవారు. పక్కన కూర్చుని చూస్తూ, అంత కష్టమని నాకు ఒక్కసారీ తట్టలేదు.

లారీ వెళ్లి గోడకు ఆనుకుంది. ఇంజిన్ తిరుగుతూనే ఉంది. వంటింట్లోంచి అత్తయ్య, "ఎవరమ్మా తోలుతున్నది?" అని అడిగారు.

"నేనేనండీ" అన్నాను.